కారణం మీకు తెలుసు, మాకూ చెప్పండి

ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారుచేస్తున్న సంస్థలకు, వైఫై చిప్‌లూ వాటిని నడిపించే ప్రోగ్రాములైన డ్రైవర్లూ రూపొందిస్తున్న ఇంజినీర్లకు, సహాయ కేంద్రాల్లో మా ఫోన్లకు జవాబిస్తున్న వారికి,

నమస్కారం.

మీ అప్‌గ్రేడ్ తర్వాత నా ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిన సంగతి గురించి రాస్తున్నాను. నేను ప్రోగ్రాములు రాసే మనిషిని కాను. ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను. నాకు కంప్యూటర్‌తో ఉన్న పనులు మూడే: టైపు చేయడం, నిఘంటువులు తిరగేయడం, పూర్తయిన ప్రతిని పంపడం. మొదటి పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. తక్కిన రెండింటికీ అది లేకపోతే నడవదు. ఏ సంస్థ సిస్టమ్ వాడుతున్నానో ఇక్కడ చెప్పడం లేదు. పేరు చెబితే మిగతావాళ్లు ఇది తమ గురించి కాదనుకుని ఊపిరి పీల్చుకుంటారు. నాకు తెలిసినంతలో ఈ లేఖ అందుకోవడానికి మీలో అర్హత లేనివారు లేరు.

జరిగింది ఇది. వారం రోజులుగా తెర మూలన ఒక పెట్టె కనబడుతూ, అప్‌గ్రేడ్ ఇప్పుడా, ఈ రాత్రికా అని అడుగుతూ వచ్చింది. వద్దు అనే జవాబుకు అందులో చోటు లేదు. విసిగిపోయి ఒక రోజు ‘ఈ రాత్రికి’ అన్నాను. తెల్లవారి చూస్తే గుర్తులు మారాయి, రంగులు మారాయి, మెనూలు ఉన్నచోట లేవు. వాటికి ఒక పూటలో అలవాటు పడ్డాను. మధ్యాహ్నానికి వైఫై తెగింది.

మొదటిసారి పట్టించుకోలేదు. నాలుగోసారికి కుర్చీలోంచి లేచి రూటర్ దగ్గరికి వెళ్లాను. అది తన దీపాలన్నీ వెలిగించుకుని నిశ్చింతగా ఉంది. పక్కనే ఉన్న ఫోనులో అన్నీ తెరుచుకుంటున్నాయి. అప్‌గ్రేడ్ చేయని పాత కంప్యూటర్ ఒకటి అదే గదిలో ఉంది. దానిలోనూ ఏ లోటూ లేదు. నా ల్యాప్‌టాప్ మాత్రం వైఫై గుర్తు నిండుగా చూపిస్తూనే, ఒక్క పేజీ కూడా తెరవలేకపోతోంది. గుర్తు నొక్కి ఆపి మళ్లీ పెడితే వచ్చేది. ఇరవై నిమిషాలకు మళ్లీ పోయేది.

రెండో రోజు సహాయ కేంద్రానికి ఫోను చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఆమె ముందున్న కాగితం మీద ఉంది. రూటర్ ఆపి ముప్పై సెకన్ల తర్వాత పెట్టమంది. పెట్టాను. నెట్‌వర్క్ సెట్టింగులన్నీ రీసెట్ చేయమంది. చేశాను, దాచుకున్న పాస్‌వర్డులన్నీ పోయాయి. మూడో మెట్టుగా రూటర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెమ్మంది. తెచ్చాను. అప్పటిదాకా బాగా పనిచేస్తున్న ఫోన్లు, ప్రింటర్, టీవీ అన్నీ ఒక్కసారిగా అనాథలయ్యాయి. వాటిని ఒక్కొక్కదాన్నే మళ్లీ కలపడానికి పూట పట్టింది. ల్యాప్‌టాప్ వైఫై సాయంత్రం యథాప్రకారం తెగింది. నాలుగో మెట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి మళ్లీ ఎక్కించడమట. అక్కడ దండం పెట్టి ఫోను పెట్టేశాను.

ఆ తర్వాత నా పద్ధతిలో నేను వెతికాను. అనువాదకులకు ఒక అలవాటు ఉంటుంది: వాక్యం అర్థం కాకపోతే అది ఎక్కడెక్కడ వస్తోందో, ఎక్కడ రావడం లేదో చూస్తాం. వైఫై ఎప్పుడు తెగుతోంది అని రాసుకుంటూ పోతే మూడు రోజుల్లో ఒక సంగతి తేలింది. పెద్ద ఫైలు దిగుతున్నంతసేపు తెగదు. వీడియో నడుస్తున్నంతసేపు తెగదు. అన్నీ మూసేసి కుదురుగా టైపు చేసుకుని, కాసేపటికి నిఘంటువు తెరవబోతే మాత్రం తెగి ఉంటుంది. ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ తెగుతోంది! కేబుల్ పెట్టి చూస్తే రోజంతా ఒక్కసారి కూడా పోలేదు. కేబుల్ తీసేసి ఫోను హాట్‌స్పాట్‌కు కలిపితే అక్కడా ఇదే వరస. రూటర్ నిర్దోషి అని అప్పటికి తేలిపోయింది. దాన్ని అన్యాయంగా ఫ్యాక్టరీ స్థితికి పంపినందుకు కాస్త నొచ్చుకున్నాను కూడా.

పన్నెండో రోజున లాగ్ తెరిచాను. లాగ్ అంటే మీ సిస్టమ్ తనకు జరిగిన ప్రతి సంగతినీ గంట, నిమిషం, సెకను వేసి రాసుకునే దినచర్య. అది ఉందని అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు, మీ సహాయ కేంద్రంతో సహా. వైఫై పోయిన ప్రతిసారీ అందులో ఒక వరుస ఉంది. ఆ వరుస చివర ఒక అంకె ఉంది. ఎక్కువ చోట్ల 4. కొన్ని చోట్ల 7.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ అంకెలే.

వైఫై ప్రమాణమైన 802.11 మొదటి రూపం 1997లో వచ్చింది. వైర్‌లెస్ సంబంధాన్ని తెంచుకుంటున్నప్పుడు, తెంచే పక్షం ఎందుకు తెంచుతోందో ఒక అంకె రూపంలో చెప్పాలని అది నియమం పెట్టింది. రూటర్ తెంచినా, కంప్యూటర్ తెంచినా అంతే. ప్రతి అంకెకూ ఒక అర్థం నిర్ణయమై ఉంది. 4 అంటే, ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేనందువల్ల తొలగిస్తున్నాను అని. 7 అంటే, నాతో సంబంధంలో లేని యంత్రం నాకు సమాచారం పంపుతోంది అని. తెలుగులో చెప్పాలంటే: నువ్వెవరు?

ఆ రెండు అంకెలూ కలిపి చదివితే కథ మొత్తం అందులో ఉంది. దాన్ని మీకు చెప్పడం తాతకు దగ్గు నేర్పడమే అయినా, ఈ లేఖ చదివే తోటి వాడుకరుల కోసం చెబుతాను. బ్యాటరీ ఆదా కోసం వైఫై అడాప్టర్, అంటే కంప్యూటర్‌లో వైఫైని అందుకునే భాగం, పని లేనప్పుడు కునుకు తీస్తుంది. ఇది కూడా మొదటి నుంచీ ప్రమాణంలో ఉన్న ఏర్పాటే. కునుకు తీసేముందు రూటర్‌కు ఒక మాట చెబుతుంది: నేను పడుకుంటున్నాను, నాకేమైనా వస్తే దాచిపెట్టు. రూటర్ సాధారణంగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు పదిసార్లు, ‘పారాహుషార్’ అన్నట్టు ఒక ప్రకటన చేస్తుంది. ఎవరెవరికి సరుకు దాచి ఉందో ఆ ప్రకటనలో ఉంటుంది. పడుకున్న అడాప్టర్ ఆ కేక వేళకు ఒక కన్ను తెరిచి, తన పేరు ఉంటే లేచి తీసుకోవాలి, లేకపోతే మళ్లీ కన్ను మూయాలి. చక్కటి ఒప్పందం. పాత డ్రైవర్ దీన్ని ఏళ్ల తరబడి పాటించింది.

అప్‌గ్రేడ్ చేసిన రాత్రి, చిప్ తయారీదారు రాసిన ఆ పాత డ్రైవర్‌ను తీసేసి మీ పెట్టెలో వచ్చిన కొత్త డ్రైవర్ పెట్టారు. విద్యుత్ ఆదాను గరిష్ఠానికి జరిపారు. ఫలితంగా నా అడాప్టర్‌కు పట్టింది కోడికునుకు కాదు, కుంభకర్ణుడి నిద్ర. రూటర్ కేకలు వినబడవు. ఉన్నావా అని పలకరించినా జవాబు ఉండదు. కొద్ది నిమిషాలు చూసి రూటర్ 4 అని చెప్పి పేరు కొట్టేస్తుంది. కొన్నిసార్లు ఆ మాట కూడా వినబడనంత నిద్ర. నేను నిఘంటువు తెరవగానే మేలుకుని, ఏమీ జరగనట్టు రూటర్‌తో మాట్లాడబోతుంది. అది 7 అంటుంది. అంతసేపూ తెర మీద వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది.

అడాప్టర్‌కు విద్యుత్ ఆదా ఆపేశాను. సెట్టింగులో ఒక్క టిక్కు గుర్తు తీసేయడం, అంతే. ఆ క్షణం నుంచి వైఫై తెగలేదు.

పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్లే గడువు అప్పటికి దాటిపోయింది. మరో సంగతి: తర్వాతి అప్‌డేట్ వచ్చిన రాత్రి నేను తీసేసిన గుర్తును మీరు మళ్లీ పెట్టారు.

నా బాధ కునుకు గురించి కాదు. డ్రైవర్లలో తప్పులు దొర్లుతాయి. పుస్తకాలు అచ్చువేసే లోకంలో బతుకుతున్నదాన్ని, అచ్చుతప్పు లేని పుస్తకం నేనూ చూడలేదు. రూటర్ మొదటి రోజే కారణం చెప్పింది. మీ సిస్టమ్ దాన్ని విన్నది, రాసుకున్నది. నాకు మాత్రం ‘ఈ నెట్‌వర్క్‌కు కలవడం సాధ్యం కాలేదు’ అన్నది. నా బాధ ఇది. పన్నెండు రోజులు నేను, మీ సహాయ కేంద్రం, నా రూటర్ చీకట్లో తడుముకుంటుంటే, జవాబు రాసి ఉన్న కాగితం మీ జేబులోనే ఉంది.

మీ అన్ని లోపాలకూ తెర మీద ఒకటే ముఖం. ఇది ఎంత నష్టమో చెప్పడానికి నాలుగు వేర్వేరు రోగాలు చూపిస్తాను. నాలుగింటికీ పైకి కనబడే లక్షణం వైఫై పోవడమే.

ఒకరికి సరిగ్గా గంటకోసారి పోతుంది, గడియారం పెట్టి చూసుకోవచ్చు. రూటర్ తన ఇంట్లోని యంత్రాలన్నిటికీ ఉమ్మడిగా ఇచ్చే తాళంచెవిని అప్పుడప్పుడు మారుస్తుంది. చాలా రూటర్లలో ఆ వ్యవధి 3600 సెకన్లు. కొత్త డ్రైవర్ కొత్త తాళంచెవిని అందుకోవడంలో తడబడితే గంట కొట్టినట్టు సంబంధం తెగుతుంది. దీనికీ ఒక అంకె ఉంది: 16. ఆ మనిషి విద్యుత్ ఆదా ఎన్నిసార్లు ఆపినా ప్రయోజనం ఉండదు.

మరొకరికి వైఫై కలిసే ఉంటుంది, ఇంటర్నెట్ ఉండదు. వివరాలు తెరిస్తే కంప్యూటర్ చిరునామా 169.254 తో మొదలవుతుంది. రూటర్ తనకు చిరునామా ఇవ్వలేదని, తానే ఒకటి కల్పించుకున్నానని కంప్యూటర్ చెబుతున్నదన్నమాట. అప్‌గ్రేడ్ తర్వాత ఇలా జరగడం కొత్త కాదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు, చిరునామా అడిగే పద్ధతిలో చేసిన ఒక చిన్న మార్పు వల్ల కొన్ని రూటర్ల నుంచి జవాబు రాకుండా పోయింది. రూటర్ మారలేదు, పాస్‌వర్డ్ మారలేదు. అడిగే తీరు మారింది, అంతే.

ఇంకొకరికి రూటర్ పలుకుతుంది, అంకెల చిరునామా ఇస్తే వెబ్‌సైట్లూ పలుకుతాయి, పేరు ఇస్తే మాత్రం ఏదీ తెరుచుకోదు. పేరును చిరునామాగా మార్చే చోట లోపం ఉంది, వైఫై రేడియోకు దానితో నిమిత్తం లేదు. 2014 అక్టోబరులో వచ్చిన మ్యాక్ సిస్టమ్ ఓఎస్ టెన్ యోసెమిటీలో ఆపిల్ సంస్థ, ఈ పేర్ల పని చూసుకుంటూ ఏళ్లుగా పనిచేస్తున్న ఎమ్‌డీఎన్‌ఎస్‌రెస్పాండర్ అనే ప్రోగ్రామును తీసేసి డిస్కవరీడీ అనే కొత్తదాన్ని పెట్టింది. వాడుకరులు నెలల తరబడి నెట్‌వర్క్ ఇక్కట్లు పడ్డాక, 2015 జూన్‌లో వచ్చిన 10.10.4 అప్‌డేట్‌లో పాతదాన్నే తిరిగి తెచ్చింది. పాతదాన్ని తిరిగి తేవడానికి ధైర్యం కావాలి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ నెలలన్నీ ఎంతమంది తమ రూటర్లను తిట్టుకుని ఉంటారో.

నాలుగో వారి యంత్రం అప్‌గ్రేడ్ తర్వాత రూటర్‌కు పరాయిదైపోయింది. ఎందుకంటే యంత్రం తన అసలు హార్డ్‌వేర్ చిరునామాకు బదులు కల్పిత చిరునామా చెప్పడం మొదలుపెట్టింది. గోప్యత కోసం తెచ్చిన మంచి ఏర్పాటే. ఫోన్లలో 2019, 2020 నాటికే వచ్చింది, మ్యాక్ కంప్యూటర్లకు 2024లో సెకోయా అనే సిస్టమ్‌తో వచ్చింది. అయితే తెలిసిన చిరునామాలనే లోపలికి రానివ్వమని రూటర్‌కు చెప్పి పెట్టుకున్న ఇళ్లూ కార్యాలయాలూ ఉన్నాయి. అక్కడ కాపలాదారు తన పని తాను చేస్తాడు. మీరు ముసుగు వేసి పంపిన మనిషి గుమ్మం బయట నిలబడి ఉంటాడు.

రోగం ఇన్ని రకాలుగా ఉన్నప్పుడు ఒకే మాత్ర ఇస్తున్న వైద్యుణ్ని ఏమనాలో మీరే చెప్పండి. రీస్టార్ట్ చేయండి, రీసెట్ చేయండి, మళ్లీ ఎక్కించండి. వీటిలో ఏదో ఒకటి చేసినప్పుడు యాదృచ్ఛికంగా బాగవుతుంది. ఎందుకు బాగైందో ఎవరికీ తెలియదు. మరుసటి నెల మళ్లీ పోతుంది.

మీ పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. చెప్పకపోతే ఈ లేఖ తగువు కింద జమ అవుతుంది. కొన్ని మార్పులు మీరు చేయక తప్పదు. 2017 అక్టోబరులో క్రాక్ అనే లోపం బయటపడినప్పుడు, అప్పటిదాకా భద్రం అనుకున్న వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2లో, రూటరూ యంత్రమూ తాళంచెవులు కుదుర్చుకునే కరచాలనంలోనే సందు ఉందని తేలింది. ఆ సందు మూయకుండా కూర్చుంటే మిమ్మల్ని మేమే నిలదీసేవాళ్లం. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. సంబంధం తెంచమని బయటివాళ్లు దొంగ సందేశాలు పంపకుండా అది కట్టుదిట్టం చేసింది. ఆ కొత్త కరచాలనం తెలియని పాత రూటర్లు, పాత చిప్‌లు కొన్ని తడబడతాయి. అది పూర్తిగా మీ నేరం కాదు. ఇక గాలి సంగతి సరేసరి: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో బ్లూటూత్ ఉంది, మైక్రోవేవ్ ఓవెన్ ఉంది, చుట్టుపక్కల వాళ్ల రూటర్లన్నీ ఉన్నాయి. వైఫై అడాప్టర్ పక్కనే యూఎస్‌బీ 3.0 డిస్కు తగిలిస్తే ఆ రొద కూడా ఇదే బ్యాండ్‌లో పడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్లు రాడార్లతో పంచుకున్నవి. రాడార్ జాడ తగిలితే రూటర్ ఆ ఛానెల్ ఖాళీ చేసి వెళ్లిపోవాలి, అలాంటి కొత్త ఛానెల్‌లో అడుగుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. ఆ నిమిషంలో మా వైఫై పోతే మిమ్మల్ని తప్పుపట్టను. అయినా అదే రాత్రి అప్‌గ్రేడ్ జరిగి ఉంటే నేను మిమ్మల్నే అనుమానిస్తాను. ఆ అనుమానం తీర్చే మార్గం కూడా లాగ్‌లోనే ఉంది, అది కూడా మీరు చూపించరు.

తప్పు దొరికాక దిద్దుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2023 డిసెంబరులో విండోస్ 11 అప్‌డేట్ ఒకటి విశ్వవిద్యాలయాలు, సంస్థల వైఫై నెట్‌వర్కులకు కొన్ని కంప్యూటర్లు కలవకుండా చేసింది. మైక్రోసాఫ్ట్ లోపాన్ని ఒప్పుకుని, మొత్తం అప్‌డేట్‌ను తీసేయనక్కర్లేకుండా ఆ ఒక్క మార్పును దూరం నుంచే వెనక్కి తిప్పే పద్ధతి వాడింది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రకాల్లో చాలావాటిలో కొత్త కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, ఎక్కించినా పాత కెర్నల్ యంత్రం మొదలయ్యేటప్పుడు కనబడే బూట్ మెనూలో అలాగే ఉంటుంది. కొత్తదానితో వైఫై మాయమైతే యంత్రం ఆపి, పాతదాన్ని ఎంచుకుని మొదలుపెట్టవచ్చు. లోపం ఉందా లేదా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ రెండు పనులూ చేయగలిగారంటే మిగతావీ చేయగలరు.

అప్‌గ్రేడ్ ఇష్టం లేకపోతే మానుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. మానుకోలేం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ముగిశాక పాతదాన్నే పట్టుకుని వేలాడటం భద్రం కాదని మీరే చెబుతారు. ముందుకు తోసేది మీరే కాబట్టి, తోసిన చోట నేల ఉందో లేదో చూసే బాధ్యత కూడా మీదే.

ఇప్పుడు అడుగుతున్నాను. ప్రధానంగా అడిగేది ఒక్కటే: వైఫై తెగినప్పుడు మీరు రాసుకున్న కారణాన్ని తెర మీద, మా భాషలో, ఒక్క వాక్యంలో చెప్పండి. అంకె కూడా పక్కన వేయండి, ఫోనులో ఎవరికైనా చదివి వినిపించడానికి పనికొస్తుంది. మామూలు వాడుకరికి ఇంత వివరం అర్థం కాదని మీ సమావేశాల్లో ఎవరో అంటారని నాకు తెలుసు. ఆ మాట నేను ఒప్పుకోను. అర్థమయ్యేలా చెప్పడం వేరే విద్య, దానికి అర్థమయ్యేలా చెప్పేవాళ్లను పెట్టుకోవాలి. పని నా వృత్తిలోదే కాబట్టి నమూనాకు కొన్ని రాసి పంపుతున్నాను, ఉచితంగానే.

అంకె 4కు: ‘మీ కంప్యూటర్ చాలాసేపు పలకనందువల్ల రూటర్ దాన్ని జాబితా నుంచి తీసేసింది. వైఫై విద్యుత్ ఆదా ఆపి చూడండి.’ అంకె 5కు: ‘రూటర్ ఇప్పటికే మోయగలిగినన్ని యంత్రాలను మోస్తోంది. ఒకటి రెండింటిని తప్పించి చూడండి.’ అంకె 7కు: ‘రూటర్ మీ కంప్యూటర్‌ను మరిచిపోయింది, మీ కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. మళ్లీ కలుపుతున్నాం.’ అంకె 15కు: ‘తాళంచెవులు మార్చుకునే సంభాషణ మధ్యలో ఆగిపోయింది. పాస్‌వర్డ్ ఒకసారి సరిచూడండి. అది సరైనదే అయితే డ్రైవర్‌కు అప్‌డేట్ ఉందేమో చూడండి.’ 16కు ‘మధ్యలో తాళంచెవి మారింది, మీ కంప్యూటర్ కొత్తది అందుకోలేదు’ అని చెప్పి డ్రైవర్ దారి చూపిస్తే చాలు. వీటిలో ఏ వాక్యం అర్థం కావడానికి ఇంజినీరింగ్ చదవాలో చెప్పండి. అంకె 1 కూడా ఉంది. దాని అర్థం ‘కారణం పేర్కొనలేదు’. దాన్ని మాత్రం అనువదించలేదు. మీ తెర మీద ఇప్పటికే ఉంది.

తక్కినవి చిన్నవి. నేను మార్చిన సెట్టింగును అప్‌డేట్ పేరుతో మళ్లీ మీకు నచ్చినట్టు మార్చవద్దు. అంత తప్పనిసరైతే మార్చామని చెప్పండి. పనిచేస్తున్న డ్రైవర్‌ను తీసేయవలసి వస్తే యంత్రంలోనే ఒక మూల దాచి ఉంచండి. వెనక్కి మార్చే మీట ఉన్నా, దాని వెనక పాత డ్రైవర్ లేకపోతే అది నొక్కుడు పడకుండా బూడిద రంగులో కూర్చుంటుంది. విండోస్‌లో పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్లడానికి ఇచ్చే సాధారణ గడువు 10 రోజులు. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి మామూలు మనిషికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

చిప్‌ల వారికి ఒక మాట. మీ డ్రైవర్‌లో విద్యుత్ ఆదాను ఎంత దూరం తీసుకెళ్లాలో నిర్ణయించేటప్పుడు, బ్యాటరీ మరికొన్ని నిమిషాలు ఎక్కువ నిలిచిందని కొలుస్తారు. సంబంధం ఎన్నిసార్లు తెగిందో కూడా అదే పట్టికలో పక్క గడిలో వేయండి. మీరు చిప్ లోపలి ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్ ఒక చోట, ఆపరేటింగ్ సిస్టమ్ వారు డ్రైవర్ మరో చోట దిద్దుతున్నారు. రెండూ ఒకదానికొకటి సరిపోని జంటగా మా ఇంటికి వచ్చినప్పుడు, మీరు వాళ్లనూ వాళ్లు మిమ్మల్నీ చూపిస్తున్నారు. మాకు మీ మధ్య సరిహద్దు ఎక్కడుందో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

సహాయ కేంద్రాల వారి ముందున్న కాగితం మార్చమని కూడా కోరుతున్నాను. మొదటి ప్రశ్న ‘రూటర్ రీస్టార్ట్ చేశారా’ అని ఉంది. దానికి బదులు ‘ఇంట్లో మిగతా యంత్రాలకు వస్తోందా’ అని అడగండి. రెండోది ‘కేబుల్ పెడితే వస్తోందా’. మూడోది ‘సరిగ్గా ఎప్పుడు పోతోంది: వాడుతున్నప్పుడా, వాడనప్పుడా, గంటకోసారా, మూత మూసి తెరిచాకా’. ఈ మూడు ప్రశ్నలకు రెండు నిమిషాలు పట్టదు. నా విషయంలో మూడో ప్రశ్నతోనే దొంగ దొరికేవాడు. రూటర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తేవడం అన్నిటికంటే చివర ఉండాలి. ఆ మాట చెప్పే ముందు, దానివల్ల ఇంట్లోని ప్రతి యంత్రాన్నీ మళ్లీ కలుపుకోవాలని హెచ్చరించాలి.

చివరిగా ఒక విడ్డూరం. వైఫై పోయినప్పుడు మీ తెర మీద ‘మరింత సహాయం’ అని ఒక మీట వస్తుంది. నొక్కితే ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరవబోతుంది. ఇంటర్నెట్ లేదు కాబట్టి పేజీ రాదు. కొత్త డ్రైవర్ దించుకోమనే సలహా కూడా ఇంటర్నెట్ ద్వారానే రావాలి. ఈ సహాయం పేజీని కంప్యూటర్‌లోనే ఉంచడానికి ఎంత చోటు పడుతుంది? అప్‌గ్రేడ్‌తో మీరు నేను అడగని అలంకారచిత్రాలు ఎన్ని పంపారో లెక్కపెట్టాను: ఒక్కొక్కటీ ఆ పేజీ కంటే పెద్దదే.

మూడు వారాల నా లాగ్‌ను పాస్‌వర్డులు, చిరునామాలు తీసేసి దాచి ఉంచాను. మీలో ఎవరికి కావాలన్నా పంపుతాను. కేబుల్ పెట్టి పంపుతాను.

ఇట్లు,
మీ సిస్టమ్ వాడుతున్న ఒక అనువాదకురాలు

తా.క.: అప్‌గ్రేడ్ చేయబోతున్న తోటి వాడుకరులకు. ముందురోజే మీ వైఫై అడాప్టర్ మోడల్ పేరు, ఇప్పుడున్న డ్రైవర్ సంఖ్య కాగితం మీద రాసుకోండి. ఆ డ్రైవర్‌ను తయారీదారు నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కేబుల్ ఒకటి వెతికి దగ్గర ఉంచుకోండి. అప్‌గ్రేడ్ అయ్యాక వైఫై తెగితే, మొదట ఆ సమయం రాసుకుని, తర్వాతే వైఫై గుర్తు మీద చేయి వేయండి. విండోస్‌లో అయితే గత మూడు రోజుల వైఫై చరిత్రను పటంగా గీసి ఇచ్చే నివేదిక కమాండ్ విండో నుంచి తీసుకోవచ్చు. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి ఉంచి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే సిగ్నల్ బలం, ఛానెల్, వేగం కనబడతాయి. బలం మైనస్ 50 దగ్గర ఉండి కూడా తెగుతుంటే దూరం కారణం కాదు, మైనస్ 80 దగ్గర ఉంటే ముందు రూటర్‌కు దగ్గరగా జరిగి చూడండి. లినక్స్‌లో కెర్నల్ లాగ్‌లో వెతికితే తెగిన చోట అంకె పక్కనే దాని అర్థం కూడా రాసి ఉంటుంది, ఇంగ్లిషులో.